ట్రయల్ గురించి ముందే అడగండి

ఏడాదికి లక్ష మందిలో ఆరుగురి కంటే తక్కువ మందికి వచ్చే క్యాన్సర్‌ను యూరప్‌లో అరుదైనదిగా లెక్కిస్తారు. విడివిడిగా చూస్తే కొద్దిమందే. అన్నీ కలిపితే మాత్రం అక్కడి క్యాన్సర్ కేసుల్లో ఐదో వంతు దాటతాయి. ఒక్కో రకానికి రోగులు తక్కువ కాబట్టి మందులూ తక్కువే. అందుకే ఈ జబ్బుల్లో క్లినికల్ ట్రయల్ మాట మొదట్లోనే రావాలి. మన ఇళ్లలో అది "ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నాక గానీ గుర్తుకు రాదు.

అప్పటికి ఆలస్యమైపోవచ్చు. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని వద్దనాలి అని ప్రతి ట్రయల్‌కీ షరతులుంటాయి. కోడ్‌లో ఇఫ్ కండిషన్ల లాంటివే అనుకోండి. ఇంతకుముందు ఎన్ని రకాల కీమో తీసుకున్నారు, లివర్, కిడ్నీ ఎలా ఉన్నాయి, మనిషి లేచి తిరుగుతున్నారా... ఒక్కటి కుదరకపోయినా తీసుకోరు. కాబట్టి తర్వాతి మందు మొదలుపెట్టకముందే "మాకు సరిపడే ట్రయల్ ఏమైనా ఉందా సార్?" అని డాక్టర్ని అడగండి. నాటు మందులు వాడుతుంటే దాచకండి, అది కూడా షరతుల్లో ఉండొచ్చు.

మీరూ వెతకొచ్చు. మన దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలు సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ఉంటాయి. 2007లో మొదలైంది, 2009 నుంచి నమోదు తప్పనిసరి. చూడటానికి లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. జబ్బు పేరు కొడితే ఏ ఊళ్లో, ఏ ఆసుపత్రిలో జరుగుతోందో, ఎవరికి ఫోన్ చేయాలో వస్తుంది. ముందు చూడాల్సింది ఇంకా రోగులను చేర్చుకుంటున్నారా లేదా అన్నది. విదేశాల్లోవి కూడా కావాలంటే అమెరికా ప్రభుత్వ సైట్ క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ ఉంది.

జబ్బు పేరుతో దొరక్కపోతే జీన్ పేరుతో వెతకండి. లారోట్రెక్టినిబ్ అనే మందునే చూడండి. 2018లో వచ్చిన ఫలితాల్లో 55 మంది రోగులు, 17 రకాల క్యాన్సర్లు. నాలుగు నెలల పసిపాప నుంచి 76 ఏళ్ల పెద్దాయన దాకా ఉన్నారు. అందరిలో ఉమ్మడిగా ఉన్నది ఎన్‌టీఆర్‌కే జీన్లలో ఒక మార్పు. నలుగురిలో ముగ్గురికి గడ్డలు బాగా తగ్గాయి. అందుకే బయాప్సీ బ్లాకులు, స్లైడ్లు, జీన్ రిపోర్టు పారేయకండి. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక పీడీఎఫ్ చేసి ఫోన్లో పెట్టుకోండి.

ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా తెలియాలి. ఫేజ్ 1లో ప్రధానంగా చూసేది ఎంత డోసు వరకు భద్రం అన్నదే. జబ్బు తగ్గుతుందని ఎవరైనా హామీ ఇస్తే అనుమానించండి. సంతకం పెట్టేముందు పత్రం తెలుగులో అడగండి, ఇంటికి తెచ్చి చదవండి. మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. దారి ఖర్చులు ఎవరివి, స్కానింగుల బిల్లు ఎవరు కడతారు అన్నవి మొహమాటపడకుండా అడగండి.

అమ్మానాన్నలకు ఈ సైట్లు తెలియవు. ఇంట్లో ఫోన్ బాగా వాడేది మీరే కదా, ఈ వెతుకులాట మీరే మొదలుపెట్టాలి. దొరికిన ట్రయల్ నంబర్ రాసుకుని, వచ్చే అపాయింట్‌మెంట్‌లో డాక్టర్‌కి చూపించండి.