గొయ్యి తవ్వినవాడే నష్టం కట్టాలి

ధ్యాన వాక్యభాగం: నిర్గమకాండము 21:33–34, యెహెజ్కేలు 34:17–22

ఊళ్ళో ఉన్నవాళ్ళకూ, తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో కాపురాలుంటున్న వాళ్ళకూ, హైదరాబాదులో, గల్ఫులో పని చేసుకుంటూ ఫోనులో ఈ ధ్యానాలు చదువుకునే మన పిల్లలకూ వందనాలు. ఈసారి మాట కొంచెం కటువుగా ఉంటుంది. చదివాక కోపం వస్తే నేరుగా నన్నే అడగండి. మీ కాపరిని అడిగే హక్కు మీకుంది.

మొన్న కోత పండుగ ఆరాధనలో మన సహోదరుడొకరు కృతజ్ఞతార్పణ కవరు తెచ్చి బల్ల మీద పెట్టారు. వనామీ బాగా పండింది, మంచి కౌంటు వచ్చింది, అప్పులు తీరాయి, దేవుడు ఆశీర్వదించాడు అని సాక్ష్యం చెప్పారు. అందరం స్తోత్రం అన్నాం. నేను ఆయన తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాను.

ఆరాధన అయ్యాక, చెప్పులు విడిచిన చోట ఒక పెద్దావిడ నా కోసం ఆగింది. ఆమెది ఎనభై సెంట్ల చేను. ఆ చెరువుల గట్టుకు ఆనుకునే ఉంది. మూడేళ్ళుగా నాటిన నారు నాటినట్టే మాడిపోతోంది. ఎండకు నేల మీద ఉప్పు తెల్లగా తేలుతోంది. ఆమె నన్ను ఒకటే అడిగింది.

"అయ్యగారూ, ఆయనకు దేవుడిచ్చాడన్నారు. సంతోషమే. మరి నాది ఎవరు తీసుకున్నారండీ?"

ప్రార్థన చేద్దాంలే అమ్మా అన్నాను. అది సమాధానం కాదని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. ఆ రోజు చెప్పలేకపోయిన సమాధానం ఇవాళ రాస్తున్నాను.

ముందు మన నీళ్ళ సంగతి. మనం కృష్ణా పశ్చిమ డెల్టా చివరన ఉన్నాం. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. ఆ తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ నీరే కాలువల్లో తెనాలి మీదుగా దిగి ఇటు రేపల్లె, నిజాంపట్నం వైపు, అటు బాపట్ల వైపు పారుతుంది. పొలాలు తాగగా మిగిలింది డ్రెయిన్లలో పడి సముద్రం చేరుతుంది. మన తాతలు తిన్న అన్నం ఆ నీటిదే. అదీ అభివృద్ధే. నేను అభివృద్ధికి శత్రువును కాను. కాకపోతే ఆ అభివృద్ధి తీపినీటిని కిందికి పంపి ఉప్పును సముద్రం వైపు నెట్టింది. ఇవాళ మనం మోటార్లు పెట్టి అదే ఉప్పును పొలాల్లోకి తోడుకుంటున్నాం.

ఎలా జరుగుతుందో చెరువు గట్టు మీద తిరిగిన ప్రతివాడికీ తెలుసు. ఏటి నుంచో, డ్రెయిన్ నుంచో, బోరు నుంచో ఉప్పునీరు తోడి చెరువు నింపుతారు. చెరువులో నీరు పక్క చేను కంటే ఎత్తున నిలుస్తుంది. రాత్రింబవళ్ళు గట్టు అడుగు నుంచి ఊట దిగుతుంది. పట్టుబడి అయ్యాక మేత మడ్డితో, మందులతో ఉన్న నీటిని డ్రెయిన్లోకి వదిలేస్తారు. కాలువ నీరు అందని కింది రైతు అదే డ్రెయిన్లో ఇంజను పెట్టి వరికి తోడుకుంటాడు. పైవాడి వ్యర్థం కిందివాడి సాగునీరు అవుతోంది.

ఇప్పుడు నిర్గమకాండము 21వ అధ్యాయం చూడండి. ఎవడైనా గొయ్యి తవ్వి దాన్ని కప్పకుండా వదిలేస్తే, పొరుగువాడి ఎద్దో గాడిదో అందులో పడి చస్తే, గొయ్యి యజమాని ఆ సొమ్ము కట్టాలని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించాడు. రెండు సంగతులు గమనించండి. ఒకటి, గొయ్యి తవ్వడమే పాపమని దేవుడు అనలేదు. ఎండు దేశంలో నీళ్ళకోసం గోతులు తవ్వుకోక తప్పదు. రెండు, నీ ఉద్దేశం మంచిదా చెడ్డదా అని ధర్మశాస్త్రం అడగలేదు. "నేను కావాలని చేయలేదు" అన్న మాట అక్కడ చెల్లదు. నీ గొయ్యి, నీ లాభం. కాబట్టి నష్టం కూడా నీదే.

మన దేశపు న్యాయస్థానం కూడా ఈ మాటే చెప్పింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ గారు వేసిన పిటిషన్ మీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పంట భూములనూ, మడ అడవులనూ, ఊరి ఉమ్మడి భూములనూ రొయ్యల చెరువులుగా మార్చకూడదని చెప్పింది. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలని, నష్టపోయినవాళ్ళకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. తీరంలో రొయ్యల సాగు వల్ల వచ్చే ఆదాయం కంటే జరిగే నష్టమే ఎక్కువని ఆ తీర్పులో ఉంది. తర్వాత 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, రిజిస్ట్రేషన్ చేయించుకుని నిబంధనలు పాటించేవాళ్ళకు దారి ఇచ్చింది. 2023లో దాన్ని సవరించింది. పొలానికీ చెరువుకూ మధ్య ఎడం ఉండాలని నిబంధనలు ఇప్పటికీ చెబుతున్నాయి. ఆ పెద్దావిడ చేనుకూ ఆ చెరువుకూ మధ్య ఎడం ఎంతో నేను నడిచి చూశాను. ఒక గట్టు వెడల్పు.

"అయ్యగారూ, మనది ఇంకా ఎదుగుతున్న దేశం. ముందు కడుపు నిండాలి, ఆ తర్వాత పర్యావరణం" అంటారు కొందరు. ఈ మాటకు బలం ఉంది, కాదనను. 1972లో స్టాక్‌హోమ్ సదస్సులో ఇందిరాగాంధీ గారు కూడా పేదల ఆకలిని పక్కనపెట్టి పర్యావరణం గురించి మాట్లాడలేమన్న వాదనే వినిపించారు. కానీ మన ఊళ్ళో నీటిని పాడు చేస్తున్నది పేదవాడి ఆకలా? ఎకరాకు లక్షలు పెట్టుబడి పెట్టగలిగినవాడు పేదవాడు కాడు. తెనాలిలోనో గుంటూరులోనో ఉండి ఇక్కడ భూమి కౌలుకు తీసుకున్నవాడు అంతకన్నా కాడు. పేదవాడి పేరు చెప్పి పేదవాడి చేనునే చౌడు చేస్తున్నాం. ఇందులో నిండింది ఎవరి కడుపు?

"దేశానికి డాలర్లు వస్తున్నాయి" అంటారు. నిజమే. 2023–24లో మన దేశం నుంచి ఎగుమతైన చేపలు, రొయ్యలు వగైరాల విలువ 60 వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో రొయ్యల వాటా ఒక్కటే దాదాపు 40 వేల కోట్లు. చెరువుల్లో పెంచిన రొయ్యల్లో ఎక్కువ భాగం మన ఆంధ్రప్రదేశ్‌వే. కానీ సామెతలు 11:1 దొంగ త్రాసును దేవుడు అసహ్యించుకుంటాడని చెబుతుంది. అభివృద్ధికీ ప్రకృతికీ సమతుల్యం పాటిస్తున్నాం అని పెద్దలు సభల్లో అంటారు. సమతుల్యమంటే త్రాసు సమంగా నిలవడం. ఒక పళ్ళెంలో డాలర్లు పెట్టారు. రెండో పళ్ళెంలో ఆ ఎనభై సెంట్లు పెట్టారా? ఉప్పెక్కిన చేతిపంపు పెట్టారా? క్యాన్ నీళ్ళకు ప్రతి ఇంటికీ అవుతున్న ఖర్చు పెట్టారా? రెండో పళ్ళెం ఖాళీగా ఉంచి తూచినవాడు లాభం వచ్చిందంటే నేను స్తోత్రం అనలేను.

పైగా ఆ లాభం నిలకడ ఎంత? 1990ల మధ్యలో టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వైరస్ సోకినప్పుడు ఎన్ని కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయాయో మీ ఇంట్లో పెద్దల్ని అడగండి. 2009 తర్వాత వనామీ వచ్చి మళ్ళీ ఆశ పుట్టించింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఇక్కడ చెరువు గట్టు మీద గుండెలు జారాయి. లాభం ఎక్కడో ఒకరి సంతకంతో పోతుంది. నేలలో దిగిన ఉప్పు మాత్రం ఏ సంతకంతోనూ పోదు.

"పదిమందికి పని దొరుకుతోంది" అంటారు. దొరుకుతోంది. మన సంఘం ఆడపడుచులే కొందరు ప్లాంట్లలో రొయ్యలు ఒలుస్తున్నారు. ఆ కూలితో పిల్లల ఫీజులు కడుతున్నారు. వాళ్ళ పని పోవాలని నేను కోరను. కానీ అదే చేను వరిచేనుగా ఉన్నప్పుడు నాట్లకు, కలుపుకు, కోతకు ఎంతమంది ఆడవాళ్ళు దిగేవారో లెక్క వేయండి. చెరువుకు కాపలాదారులు ఇద్దరు ముగ్గురు చాలు. ఆ కాపలా కూడా ఎవరు చేస్తున్నారు? 2021 జూలైలో మన రేపల్లె దగ్గర లంకెవానిదిబ్బలో, రొయ్యల చెరువుల దగ్గర రాత్రి పడుకున్న ఆరుగురు ఒడిశా కూలీలు చనిపోయారు. వాళ్ళూ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళే. వాళ్ళ లెక్క ఏ పళ్ళెంలో వేశాం?

"ఏలుమని దేవుడే చెప్పాడు కదా" అని వాక్యం ఎత్తేవాళ్ళూ ఉన్నారు. ఆదికాండము 1:28 చదివినవాళ్ళు 2:15 కూడా చదవాలి. తోటను సేద్యం చేయమనీ, కాయమనీ దేవుడు ఆదామును అక్కడ ఉంచాడు. సేద్యం ఒక్కటే అప్పగించలేదు, కాపలా కూడా అప్పగించాడు. కాపలా మానేసినవాడు ఏలుబడి గురించి మాట్లాడకూడదు.

కాపలా మానేస్తే ఏమవుతుందో మన తీరానికి తెలుసు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన, పెనుమూడి దాటితే కనిపించే దివిసీమలో వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఉప్పెన బలాన్ని తగ్గించేది మడ అడవి. దాన్ని కొట్టి గట్లు పోసినచోట అలకు అడ్డం ఏముంటుంది? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన వరి నీళ్ళలో పడింది. నీరు దిగాల్సిన డ్రెయిన్లు పూడిపోయి, అక్కడక్కడా ఆక్రమణలతో సన్నబడి ఉంటే ఆ నీరు ఎటు పోతుంది? దేవుడు తుఫాను పంపాడని ఏడ్చాం. డ్రెయిన్ను మనమే మూశామని ఒప్పుకోలేదు. చెడగొట్టినదాన్ని బాగుచేయడమూ సాధ్యమే. కృష్ణా, గోదావరి ముఖాల్లో అటవీ శాఖ, స్వామినాథన్ పరిశోధనా సంస్థ ఊరివాళ్ళతో కలిసి చేపముల్లులా కాలువలు తవ్వి, పాడైన చోట మడ మొక్కలు మళ్ళీ పెంచాయి. మనసుంటే మార్గం ఉంటుంది.

ఇక సంఘానికి నా అసలు మాట. యెహెజ్కేలు 34వ అధ్యాయంలో దేవుడు కాపరులను గద్దించాక మంద వైపు తిరుగుతాడు. మంచి నీరు తాగి, మిగిలిన నీటిని కాళ్ళతో కలకలు చేసే బలిసిన గొర్రెలను నిలదీస్తాడు. గొర్రెకూ గొర్రెకూ మధ్య నేనే తీర్పు తీరుస్తానంటాడు. ఆ మాట బయటివాళ్ళతో అన్నది కాదు. ఒకే మందలో ఉన్నవాళ్ళతో అన్నది. ఆ సహోదరుడూ ఆ పెద్దావిడా ఒకే రొట్టె విరుచుకుంటున్నారు, ఒకే గిన్నెలోది తాగుతున్నారు. బల్ల దగ్గర ఒకే గిన్నె, డ్రెయిన్ దగ్గర ఎవరి నీళ్ళు వారివి అంటే ప్రభువు ఒప్పుకుంటాడా?

మీకంటే ముందు తప్పు నాది. మన గుడి స్లాబులో చెరువుల డబ్బు ఉంది. ఎలా వచ్చిందని నేను ఒక్కసారీ అడగలేదు. ఒక సంఘపెద్ద నాతో, "అయ్యగారూ, మీరు వాక్యం చెప్పండి, వ్యాపారం మాకు వదిలేయండి" అన్నప్పుడు నవ్వి ఊరుకున్నాను. నా జీతం ఎక్కడినుంచి వస్తుందో గుర్తొచ్చి ఊరుకున్నాను. సంఘం ఎదుట ఈ పాపం ఒప్పుకుంటున్నాను.

కాబట్టి ఇకపై ఇలా చేద్దాం. చెరువు పంట మీద కృతజ్ఞతార్పణ తెచ్చేవారిని నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. నీ చెరువుకు రిజిస్ట్రేషన్ ఉందా? నీ నీరు ఎక్కడ వదులుతున్నావు? నీ గట్టు పక్కవాడు నీతో సమాధానంగా ఉన్నాడా? మూడోదానికి జవాబు లేకపోతే, మత్తయి 5:23–24లో ప్రభువు చెప్పినట్టు అర్పణ బల్ల ముందే ఉంచి ముందు పొరుగువాడి దగ్గరికి వెళ్ళండి. చెరువులున్న సహోదరులు గట్టు చుట్టూ ఊట కాలువ తవ్వించండి. వాడిన నీటిని తేర్చే గుంటలో నిలిపి తేటపడ్డాకే వదలండి. పక్క చేను పాడైతే ఆ ఏటి పంట సొమ్ము కట్టండి. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. నేను ఒక్కంతే అడుగుతున్నాను. చెరువులు లేనివాళ్ళు గ్రామసభకు వెళ్ళి నోరు తెరవండి. ఆదివారం పాటల్లో వినిపించే గొంతు అక్కడా వినిపించాలి.

సంఘంగా మొదటి అడుగు మనమే వేద్దాం. ప్రహరీ గోడకు పోగైన డబ్బు ఉంది. పెద్దలు ఒప్పుకుంటే ఈ ఏడు గోడ ఆపుదాం. ఆ డబ్బుతో పెద్దావిడ చేను చుట్టూ బోదె తవ్వించి, కాలువకు నీరు వదిలినప్పుడు మంచినీరు పెట్టి ఉప్పు కడిగిద్దాం. ఒక్క ఏడాదిలో బాగుపడుతుందని మాట ఇవ్వలేను. బాకీ మాత్రం మనదే.

యెరికో పట్టణం చూడటానికి బాగుంది గానీ నీళ్ళు చెడ్డవి, నేల పండటం లేదని ఆ ఊరివాళ్ళు ఎలీషాతో చెప్పుకున్నారు. ఎలీషా వాళ్ళను ఓదార్చి పంపేయలేదు. లేచి నీటి ఊట దగ్గరికే వెళ్ళాడు. మన ఊరు కూడా చూడటానికి బాగుంది. నీళ్ళు చెడ్డాయి. లేచి ఊట దగ్గరికి వెళ్ళాల్సింది మనమే.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా లాభాన్ని నీ ఆశీర్వాదమని పిలిచి, మా పొరుగువాడి నష్టాన్ని చూడకుండా కళ్ళు మూసుకున్నాం. క్షమించు. మేము తవ్విన గోతులు మాకు చూపించు. వాటిని కప్పే మనసూ, బాకీ తీర్చే ధైర్యమూ దయచెయ్యి. మా తర్వాత ఈ నీళ్ళు తాగే పిల్లల కోసం యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ కాపరి