పంటి నొప్పి మాటున లింఫోమా
అంగిలి పుండ్లన్నీ చుట్ట పుణ్యమే కావు.. ముక్క పరీక్షే ప్రామాణికం

శ్రీకాకుళం: చిగురు వాస్తుంది. పన్ను కదులుతుంది. చీము పట్టిందనుకుని మాత్రలు వాడతారు, తగ్గకపోతే పన్ను పీకించుకుంటారు. నెల గడిచినా ఆ గుంత పూడదు సరికదా, అందులోంచి కండ పెరుగుతుంది. నోటిలోను, దవడ ఎముకలోను పుట్టే లింఫోమా తరచూ వచ్చేది ఈ వేషంలోనే. శోషరస వ్యవస్థలోని కణాల్లో పుట్టే ఈ క్యాన్సర్ సాధారణంగా మెడ, చంక, గజ్జల్లోని గ్రంథుల్లో బయటపడుతుంది. నోట్లో తలెత్తడం అరుదు. అరుదు కనుకనే అనుమానం ఆలస్యంగా కలుగుతోంది.

ఉత్తరాంధ్ర తీరంలో ఈ చిక్కు మరింత జటిలం. చుట్ట వెలిగే కొసను నోటిలో ఉంచుకుని కాల్చే అడ్డపొగ ఇక్కడి మహిళల్లో తరాలుగా ఉన్న అలవాటు. దానివల్ల అంగిలిపై వచ్చే క్యాన్సర్‌ను ఈ ప్రాంత వైద్యులు దశాబ్దాలుగా ఎరుగుదురు. కనుక అంగిలిపై పుండు కనబడగానే దృష్టి చుట్ట మీదికి పోవడం సహజం. చాలాసార్లు అది నిజం కూడా. అయితే పొగాకు క్యాన్సర్‌కు ప్రధానంగా శస్త్రచికిత్స చేస్తారు. లింఫోమాకు ముఖ్యమైనవి మందులు, కొన్ని రకాల్లో రేడియేషన్. రోగం పేరు పొరబడితే కోయనక్కరలేని దవడను కోయాల్సి వస్తుంది.

అనుమానించాల్సింది ఎప్పుడు?

కారణం లేకుండా కింది పెదవి, గడ్డం మొద్దుబారితే తేలిగ్గా తీసుకోరాదు. దవడలోని నరం చుట్టూ కణితి అల్లుకున్నప్పుడు ఇలా జరుగుతుంది. పుచ్చు లేని పళ్లు కదలడం, రెండు వారాలు దాటినా మానని పుండు కూడా ఈ కోవలోనివే. ఎక్స్‌రేను మాత్రం పూర్తిగా నమ్మలేం. కొందరిలో అది పంటి వేరు చివర చీముగడ్డలా కనిపిస్తుంది, మరికొందరిలో తొలుత ఏమీ చూపదు. పిల్లల్లో దవడ వేగంగా ఉబ్బితే ఒక్కరోజూ ఆగకూడదు. ఉగాండాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్ 1958లో వర్ణించిన లింఫోమా ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలదు.

ముక్క తీయడంలోనే కిటుకు

సూదితో లాగిన కొద్దిపాటి కణాలు చాలవు. కణాల అమరిక తెలిసేంత ముక్క కావాలి. పట్టకారుతో నలిపితే కణాలు చితికి పరీక్ష వృథా అవుతుంది. వాపు తగ్గాలని ముందే స్టెరాయిడ్ ఇస్తే కణితి తాత్కాలికంగా కరిగి ఆనవాళ్లు చెదిరిపోవచ్చు. 2021లో బ్లాక్ ఫంగస్ బాధితుల్లో చూసినట్టే అంగిలి నల్లబడి చిల్లుపడటం ఎన్‌కే-టీ కణ లింఫోమాలోనూ ఉంటుంది. పైనున్న చచ్చిన కండను పంపితే ఏమీ తేలదు. బతికున్న అంచు నుంచి, అవసరమైతే రెండోసారి, మూడోసారి ముక్క తీయాల్సిందే.

రకాన్ని తేల్చేది ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. నోట్లో ఎక్కువగా వచ్చే పెద్ద బీ కణాల రకంలో సీడీ20 కనిపిస్తుంది. దానిపై గురిపెట్టే రిటుక్సిమాబ్ అక్కరకొస్తుంది. హెచ్‌ఐవీ సోకినవారి నోటిలో గుర్తించి 1997లో వర్ణించిన ప్లాస్మాబ్లాస్టిక్ రకంలో సీడీ20 దాదాపు ఉండదు, సీడీ138 ఉంటుంది. సీడీ20 లేదని లింఫోమానే కాదనడం ఇక్కడ ప్రమాదకరం. హెచ్‌ఐవీ వ్యాప్తి జాతీయ సగటును మించిన రాష్ట్రంలో ఆ పరీక్షను వాయిదా వేయడానికి వీల్లేదు.

ఇంతటి పరీక్షలకు చాలామంది విశాఖకో, హైదరాబాద్‌కో వెళ్లక తప్పదు. వెళ్లేవారు నివేదిక కాగితంతో సరిపెట్టుకోక, స్లయిడ్లను, ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మెను అడిగి తీసుకెళ్లాలి. అందులో కణజాలం తగినంత మిగిలి ఉంటే మళ్లీ కోత లేకుండానే అక్కడ మిగతా పరీక్షలు చేయవచ్చు.