సైకిలు త్రొక్కువాని కొలతకు వానకోటు కుట్టుడు!

మొన్నటి ముసురులో, తెల్లవారకమునుపే వార్తాపత్రికలు పంచబోయిన మా వీథి కుర్రవాడు, వానకోటు అంచు గొలుసులో చిక్కుకొనగా నడివీథిని బోర్లపడి చేయి విరుగగొట్టుకొనినాడు. “చూచుకొని త్రొక్కవలదా?” అని పెద్దలు వానినే మందలించిరి. ఆ కోటు కుట్టినవారిని మాత్రము ఎవ్వరును అడుగలేదు, నేనడుగుచున్నాను.

మన అంగళ్లలో వ్రేలాడు వానకోట్లన్నియు నిలుచున్నవాని కొలతకు కుట్టినవి. చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల నడుమ రబ్బరుపూత నిమిడ్చి 1823లో పేటెంటు పొందునాటికి పెడలు సైకిలు పుట్టనే లేదు. నాటి దొర నిలువునా తొడిగిన కోటునే ప్లాస్టికుతో కుట్టి, ముందునకు వంగి, చేతులు చాచి, మోకాళ్లాడించుచు పోవువానికి నేడు అమ్ముచున్నారు. చేతులు చాచినంతనే ముంజేతులు బయటపడును. కూర్చున్నంతనే ఒడిలో నీరు మడుగుకట్టును. అంచు గొలుసును వెదకుకొనుచు పోవును. వెనుక వచ్చు లారీని చూడవలెనని తల త్రిప్పినచో తల తిరుగును గాని టోపీ తిరుగదు. కంటికి లారీకి మారుగా ప్లాస్టికు కనబడును. గాలి చొరని ఆ తొడుగులో చెమటకే బట్టలు తడిసి, విసిగి, త్రొక్కువాడు దానిని విప్పిపారవైచి, ఒకచేత గొడుగు పట్టి, ఒకే బ్రేకుపై ప్రాణము నిలుపుకొని పోవును. తడిసిన ఇనుపరిమ్ము బ్రేకు రబ్బర్లకు ఎంతమాత్రము లొంగునో త్రొక్కినవారికి చెప్పనక్కరలేదు.

“వానకు సొగసెందుకు?” అందురా? సొగసులేని కోటు చిలుకకొయ్యకే మిగులును. బడికిపోవు ఆడపిల్ల ఆ గోనెసంచివంటి దానిని తొడుగుటకంటె తడియుటకే ఇష్టపడును. న్యాయము ఆమె పక్షముననే యున్నది. ఖరీదు మాటందురా, విరిగిన చేతికి కట్టు కట్టించిన ఖర్చు ముందు లెక్కవేయుడు.

ఇక ఏలినవారిని అడుగుచున్నాను. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు ప్రక్కను 23 కిలోమీటర్ల సైకిలుబాట వేయించి, దానిపై సౌరఫలకముల కప్పు పరపించితిరి. షికారు బాటకు గొడుగుపట్టిన మీకు, పాలు పోసి వచ్చువాడు, రాత్రి కాపలా ముగించుకొని ఇంటికి పోవువాడు కనబడలేదా? సిరిసిల్ల మరమగ్గములపై బతుకమ్మ చీరలు నేయించినది మీరే. ఆ మగ్గములపై వానకోటు గుడ్డ నేయించుటకు అడ్డమేమి?

నమూనాకై ఎక్కడికో పోనక్కరలేదు. మన గొల్లలు గొంగళిని మడిచి, తలమీదుగా వేసికొని, క్రింద గాలి తిరుగనిచ్చుచు మందల వెంట వానాకాలములు గడపిరి. ఇంగ్లండులో సైకిలువారు చిరకాలము వాడిన కేపును ఆ తీరుదే. బొటనవ్రేళ్లకు తగిలించు ఉచ్చులతో దానిని హ్యాండిలుపై పరచుకొనెదరు. వెనుక పొడవు, ముందు చేతులపై కప్పు, గొలుసునందని అంచు, తలతోకూడ తిరుగు టోపీ, దీపము పడగానే మెరయు పట్టీలు, చూడముచ్చటైన పసుపుపచ్చని రంగు: ఇవి చాలును. నలుపు వలదు.

నైరుతి ఋతుపవనమును, బడులు తెరచుటయు జూన్ మాసముననే. అంతలోపల నమూనా కుట్టించి, త్రొక్కువారిచేతనే తొడిగించి చూడుడు. కొలత తీయునప్పుడు మాత్రము మనిషిని నిలువబెట్టకుడు, సైకిలు ఎక్కించుడు.