గుట్టు దాచినందుకే చేటు

ఇంటిగుట్టు లంకకు చేటంటారు. గుట్టు బయటపడితే కొంప మునుగుతుందని దాని భావం. కె.జె. చార్లెస్ నవల 'ద మ్యాగ్‌పై లార్డ్' (2013) ఈ సామెతను తిరగేస్తుంది. ఇక్కడ కొంప ముంచేది దాచిపెట్టిన గుట్టే.

కథాకాలం విక్టోరియన్ ఇంగ్లండ్. తండ్రి వెళ్లగొడితే చైనా చేరి, షాంఘైలో వ్యాపారిగా నిలదొక్కుకున్న లూసియన్ వాడ్రీ, తండ్రీ అన్నా చనిపోవడంతో ఇష్టం లేకపోయినా లార్డ్ క్రేన్‌గా తిరిగొస్తాడు. అప్పటి నుంచీ ఏదో శక్తి అతణ్ని ఆత్మహత్యకు పురిగొల్పుతుంటుంది. అది చేతబడి అని తేలుతుంది. విరుగుడు కోసం పిలిపించిన మాంత్రికుడు స్టీఫెన్ డేకి ఆ వంశమంటేనే అసహ్యం. అతని తండ్రిని నాశనం చేసింది వాళ్లే మరి. ఆ ఇద్దరి మధ్య ముందు అనుమానం, తర్వాత ఆకర్షణ. చేతబడి చేసిందెవరని ఆరా తీసేకొద్దీ పోయినవాళ్ల పాపాలు ఒక్కొక్కటే బయటికొస్తాయి.

పురుషుల మధ్య సంబంధం ఆనాడు నేరం. 1885 నాటి చట్టం దానికి రెండేళ్ల జైలు విధించింది. 1895లో ఆస్కార్ వైల్డ్‌ను కఠిన శిక్షకు పంపింది ఆ చట్టమే. 'బ్లాక్‌మెయిలర్ల హక్కుపత్రం' అని దానికి పేరు పడింది. అలాంటి కాలంలో మంత్రగాడికన్నా, ఎవరి చేతికో చిక్కిన ప్రేమలేఖే ఎక్కువ ప్రమాదం.

నవలలో లోపాలు లేకపోలేదు. ప్రతినాయకుల్లో దుర్మార్గం తప్ప మరొకటి కనిపించదు. అయినా ప్రేమికులిద్దరినీ బతికించి, కలిపి ఉంచడం చిన్న విషయం కాదు. ఇ.ఎం. ఫోర్‌స్టర్ 1914లో పూర్తి చేసిన 'మారిస్'కు సుఖాంతమే ఉండాలని పట్టుబట్టాడు. ఆ పుస్తకం ఆయన చనిపోయాక, 1971లో గానీ వెలుగు చూడలేదు.

ఇదంతా పరాయి దేశం గొడవ అనుకోనక్కర్లేదు. బ్రిటిష్ పాలకులు 1860లో మనకు అంటగట్టిన సెక్షన్ 377ను ఢిల్లీ హైకోర్టు 2009లో సడలిస్తే, ఈ నవల వచ్చిన 2013లోనే సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. పరస్పర అంగీకారంతో కలిసే వయోజనులను 2018 సెప్టెంబర్ 6న అదే కోర్టు ఆ నేరం నుంచి విముక్తుల్ని చేసింది. కానీ పెళ్లిచూపులకు ముస్తాబై కూర్చున్న కొడుకు మనసులో మాట అమ్మానాన్నలు వింటారా లేదా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు. ఆ తీర్పు ఇంట్లోవాళ్లే ఇవ్వాలి.