చదువురాని యింటి చదువు

పిల్లలకు విద్యాభిలాష గృహముననే అలవడవలెనని పెద్దలందఱు చెప్పుదురు. పుస్తకముల బీరువా, చదువుకొన్న తల్లిదండ్రులు, తీరిక గల సాయంకాలములు ఉన్నచోట ఆ మాట సులభమే. కదిరి ప్రాంతపు మెట్టపల్లెలలో ఈ మూడును లేని యిండ్లు అనేకము. వాన తప్పిన యేట తల్లిదండ్రులు కూలికై బెంగుళూరు దారి పట్టుదురు. బిడ్డలు అవ్వ చెంత నుందురు. "ఇంటిలో చదివించువారు లేరు" అను జాలిమాట అట్టి బిడ్డ చెవిని తఱచు పడును. ఆ మాటను బిడ్డ నమ్మిన దినమున ఇల్లు వేఱు, విద్య వేఱు అగును. అసలు నష్టము అక్కడనే ప్రారంభము.

అక్షరము రాని అవ్వకు విద్య లేదని యెవరు చెప్పగలరు? వేరుశనగకు పసుపుపచ్చని పువ్వు నేలపైన పూయును. కాయ మాత్రము నేలలోపల కాయును. ఇదేమి వింతయని మనుమరాలు అడిగినచో, "పువ్వు వాడినాక ఊడ దిగుతాది తల్లీ, అప్పుడు పదును లేకపోతే నేల గట్టిపడి ఊడ దిగదు, కాయ ఉండదు" అని అవ్వ చెప్పును. ఈ నాలుగు మాటలలో వృక్షశాస్త్రమున్నది, సేద్యమున్నది, ఆ యింటి సంవత్సరపు బ్రతుకున్నది.

కదిరికి అనతిదూరమున తిమ్మమ్మ మఱ్ఱిమాను కలదు. దాదాపు అయిదెకరములు వ్యాపించి, 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కిన ఆ మహావృక్షమునకును ఊడలే ఆధారము. మఱ్ఱి ఊడయు శనగ ఊడయు ఒకటేనాయని ఆ బాలిక అడిగిన, అవ్వకు జవాబు తోచకపోవచ్చును. "నాకు తెలీదమ్మా, రేపు అయ్యవారినడిగి వచ్చి నాకు చెప్పు" అన్న చాలును. తెలిసికొనవలెనను కోరిక పెద్దలకును ఉండునని బిడ్డ అప్పుడు గ్రహించును. ప్రశ్నతో బడికి పోవును, జవాబుతో ఇంటికి వచ్చును.

ఆ జవాబు చిన్నదే. మఱ్ఱి ఊడ కొమ్మనుండి దిగి నేలనంటు వేరు. వేరుశనగ ఊడ వేరు కాదు; పువ్వులోని అండాశయమును మట్టిలోనికి గొనిపోవు కాడ. పేరులో వేరున్నను అది వేరున కాసిన కాయ కాదు! ఈ పంట దక్షిణ అమెరికానుండి సముద్రములు దాటి వచ్చినదని కూడ మనుమరాలు చెప్పినచో, ఏండ్లకొలది కలుపు తీసిన అవ్వ ఆశ్చర్యముతో వినును. ఆ ఆశ్చర్యమునకు మించిన బహుమానము ఏ బడియు బిడ్డకు ఇయ్యజాలదు.

పుస్తకములు, దీపము, గ్రంథాలయము అక్కఱలేదని దీని భావము కాదు. లేమి యొక సుగుణమును కాదు. అవి సమకూర్చు బాధ్యత సంఘమున కున్నది. అవి వచ్చువఱకు ఇల్లు కాచుకొని యుండనక్కఱలేదు.

ఉపాధ్యాయులు చేయదగిన పని యొకటి కలదు. వారమున కొక్కటియైనను, ఇంటి పెద్దల నడిగి తెలిసికొని రావలసిన ప్రశ్నను ఇంటిపనిగా ఈయవలెను. వచ్చిన సమాధానమును తరగతిలో గౌరవముతో వినవలెను. విద్యార్థులును తాము నేర్చినది రాత్రి భోజనవేళ ఇంటివారికి చెప్పవలెను. మార్కులకై నేర్చినది పరీక్షతో ముగియును. అవ్వకు చెప్పవలెనని నేర్చినది జీవితాంతము వెంట వచ్చును.