ముత్యానికి పులుపు పడదు

పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే ఇళ్ళలో నగల పెట్టెలు తెరుచుకుంటాయి. దాదీ నాటి ముత్యాల హారం, మహర్‌గా అందిన కెంపుల కమ్మలు, ఫిరోజా ఉంగరం అన్నిటినీ ఒకే గిన్నెలో వేసి, కుంకుడు నురుగులో నానబెట్టి, బ్రష్షుతో తోమే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. ఉత్త బంగారానికి అది సరిపోతుంది. కాని రాళ్ళన్నీ ఒక్క తీరువి కావు. ఆ తేడాను ఈ నెల సోదరీమణుల ముందుంచదలిచాము.

మన కదిరి ప్రాంతంలో బోరు నీళ్ళు మరగబెట్టే పాత్రను చూడండి. కొద్ది రోజులకే అడుగున తెల్లని సున్నపు పొర కడుతుంది. చింతపండో నిమ్మరసమో వేసి రుద్దితే కరిగిపోతుంది. ఆ పొర ప్రధానంగా కాల్షియం కార్బొనేట్ అనే పదార్థం. ముత్యంలోనూ, నగలలో వాడే పగడంలోనూ అత్యధిక భాగం అదే. సూరా అర్‌రహ్మాన్‌లో జంటగా ప్రస్తావించబడిన ఈ రెండింటికీ పులుపు ఒక్కలాగే హాని చేస్తుంది. పాత్రలోని సున్నాన్ని కరిగించేదే ముత్యపు మెరుపునూ కరిగిస్తుంది. ఆలుచిప్పలోని జీవి పొర మీద పొరగా పేర్చిన ఆ మెరుపు ఒకసారి పోతే, దానిని తిరిగి తేగల కంసాలి లేడు.

అందుచేత నిమ్మ, చింతపండు, వెనిగర్ ముత్యాల దరికి రానీయరాదు. కుంకుడు రసానికి కూడా కొంత ఆమ్ల గుణం ఉన్నది. గోరింటాకు ముద్దలో నిమ్మరసం కలుపుతారు గనుక, చేతులు కడిగి ఆరిన తరువాతనే హారాన్ని ముట్టుకోవాలి. అలంకరణలో తలనూనె, ఇత్తర్ ముందు, ముత్యాలు చివర. తీసేటప్పుడు ముత్యాలే మొదట.

పళ్ళపొడి, వంటసోడా రుద్దడం కూడా తగదు. ఖనిజాల గట్టితనాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రం 10, కెంపు 9 కాగా, ముత్యం సుమారు 3 మాత్రమే. ఇంటి దుమ్ములో ఉండే ఇసుక రేణువు 7. కాబట్టి దుమ్ము పట్టిన ముత్యాన్ని పొడిగుడ్డతో గట్టిగా రుద్దినా గీతలు పడతాయి.

సరైన పద్ధతి సులభమైనది. తాగడానికి తెచ్చుకునే శుద్ధి చేసిన క్యాను నీటితో మెత్తని మల్‌మల్ గుడ్డను తడిపి, బాగా పిండి, ఒక్కొక్క ముత్యాన్ని మెల్లగా తుడవాలి. బోరు నీరైతే ఆరిన చోట మళ్ళీ తెల్లమచ్చ మిగులుతుంది. దారం నానితే సాగి తెగుతుంది గనుక హారాన్ని నీట ముంచరాదు, తడిగా వేలాడదీయరాదు. నీడలో గుడ్డ మీద పరచి ఆరనిచ్చి, విడిగా మెత్తని సంచిలో ఉంచాలి.

ఒకప్పుడు హైదరాబాదు పత్థర్‌గట్టి అంగళ్ళకు గల్ఫు సముద్రపు బస్రా ముత్యాలు వచ్చేవి. నేడు అమ్ముడయ్యేవాటిలో ఎక్కువ భాగం చైనా మంచినీటి చెరువులలో పెంచినవి. ధరలో ఎంత తేడా ఉన్నా పదార్థం ఒక్కటే, జాగ్రత్తా ఒక్కటే.

వెనుక తెరచి ఉన్న కట్టుబడిలోని వజ్రాలను గోరువెచ్చని నీటిలో పిల్లల షాంపూ ఒక చుక్క కలిపి, మెత్తని బ్రష్షుతో కడగవచ్చు. కెంపులకు, నీలాలకు కూడా ఇదే పద్ధతి. అయితే పగుళ్ళను గాజుతో పూడ్చిన కెంపులు బజారులో ఉన్నాయి. వాటికీ పులుపు హాని చేస్తుంది. పచ్చరాళ్ళలోని సన్నని పగుళ్ళను సాధారణంగా నూనెతో నింపుతారు. వేడినీరు, నగలు కడిగే అల్ట్రాసోనిక్ యంత్రం ఆ నూనెను వెళ్ళగొడతాయి. కుందన, జడావు నగలలో రాయి వెనుక మెరుపు రేకు, లోపల లక్క ఉంటాయి. తడి చేరితే రేకు నల్లబడుతుంది. వాటిని పొడి బ్రష్షుతో దులపడమే మేలు.

పురుషులకూ ఒక మాట. అఖీఖ్ గట్టి రాయి, నీటికి చెడదు. ఫిరోజాకు మాత్రం సూక్ష్మ రంధ్రాలుంటాయి. సబ్బును, నూనెను పీల్చి నీలం రంగు పచ్చబడుతుంది. వుజూకు ముందు ఫిరోజా ఉంగరం తీసి ఉంచితే రాయికి మంచిది, వేలికి నీరు చేరిందా అన్న సందేహమూ ఉండదు.

చివరిగా, మహర్‌గా అందిన నగ భార్య సొంత ఆస్తి. దాచమని అత్తగారి చేతికి ఇచ్చినా, కడగమని ఆడబిడ్డకు ఇచ్చినా అది అమానతే. యజమానురాలిని అడగనిదే దానిని నీట ముంచరాదు. ఏ రాయో తెలియకపోతే నమ్మకస్తుడైన కంసాలికి చూపి తెలుసుకోవాలి. అంతవరకు మెత్తని గుడ్డ చాలు.