తాళం చవక, చీపురు ప్రియం

వడ్లు ఎవరు కొనాలన్న గొడవలో, 2021 నవంబరులో, ఇంకో మాట చెవిన పడటమే కష్టమైంది. తెలంగాణ ముఖ్యమంత్రే ఇందిరా పార్కు దగ్గర ధర్నాకు కూర్చుంటే గురుకులం పిల్లల జ్వరాలు ఎవరికి కావాలి? పట్టించుకున్న నలుగురూ పట్టించుకోకపోతేనే బాగుండేదేమో. వైరా గురుకులంలో ముప్పై మందికి అటూ ఇటుగా పిల్లలకు కోవిడ్ తేలిందో లేదో, టీవీ చర్చల్లో పెద్దమనుషులు తీర్పు చెప్పేశారు: మూసేయండి.

అప్పటికే ఇరవై నెలలుగా ఈ ఒక్క మాటే వింటూ వచ్చాం. మూయడానికి తెలివి అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. ఒక తాళం చాలు.

ఇక తెరిచిన తీరు చూడండి. భద్రాచలం గుడి దగ్గర ఆటో ఎక్కితే కాసేపట్లో ఎటపాక. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం రాష్ట్రాల సరిహద్దు గీత జరిపినప్పటి నుంచి అది ఆంధ్ర. అక్కడ బడిగంట 2021 ఆగస్టు 16న మోగింది. ఇటు తెలంగాణ వైపు దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో సెప్టెంబరు 1 దాకా మోగలేదు. చర్ల దాటి అడవిలోకి నడిస్తే ఛత్తీస్‌గఢ్. అక్కడ పంచాయతీ సరేనన్న చోట చిన్న తరగతులకు ఆగస్టు 2 నుంచే సెలవిచ్చారు, బడికి పోవడానికి. మూడు వైపులా ఉన్నది కోయ పిల్లలే. ఒకరి మేనమామ ఇంకొకరి గూడెంలో ఉంటాడు. వైరస్ మూడు రకాలేమీ కాదు, ప్రభుత్వాలే మూడు.

మన వైపు గంట మోగిందన్నది కూడా సగం నిజమే. ముందురోజు, ఆగస్టు 31న, గురుకులాలు, హాస్టళ్లు తెరవొద్దని హైకోర్టు చెప్పింది. వరసగా మంచాలు వేసి పడుకునే చోట రోగం పాకుతుందన్న భయం కోర్టుది. ఆ భయం ఉత్తదని నేననను. కానీ పట్నంలో హాస్టల్ మూసేస్తే పిల్లవాడికి పడక మాత్రమే పోతుంది. మన్యంలో ఆశ్రమ పాఠశాల మూసేస్తే బడి పోతుంది, మూడు పూటలా అన్నం పోతుంది, గుడ్డు పోతుంది. ప్రైవేటు బడుల బస్సులు తిరిగిన సెప్టెంబరంతా, అక్టోబరు మూడో వారం దాకా, అడవి పిల్లలు పత్తి చేలలోనే ఉన్నారు. నవంబరుకు వాళ్లు వచ్చి నెలయింది. మళ్లీ పొమ్మన్నారు.

ఆ రోజుల్లో రెండు లెక్కలు నన్ను నిద్రపోనివ్వలేదు. ఐసీఎంఆర్ నాలుగో సీరో సర్వే 2021 జులైలో చెప్పింది: దేశంలో ఆరేళ్లు దాటిన వాళ్లలో 67.6 శాతం మంది రక్తంలో యాంటీబాడీలున్నాయి. పది నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో అది 61.6. నవంబరు 17న వచ్చిన అసర్ విద్యా నివేదిక చెప్పింది: పల్లె బడి పిల్లల్లో 67.6 శాతం మంది ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉంది. అదే అంకె! రెండు లెక్కలూ వేరు, కలపకూడదని గణాంకాల మిత్రుడొకాయన కోప్పడ్డాడు. కలపను. కానీ బడి మూసి ఉన్నా వైరస్ పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చేసిందనీ, పాఠం మాత్రం ఫోనులోనే ఉండిపోయిందనీ అనుకోవడానికి ఆయన అనుమతి అక్కర్లేదు కదా. ఫోనున్న ఇళ్లలోనూ పావు వంతు పిల్లలకు అది చేతికే రాదని అదే నివేదిక చెబుతోంది. రీఛార్జి సంగతీ, సిగ్నల్ కోసం గుట్టెక్కే సంగతీ ఏ నివేదికా చెప్పదు.

టీవీ పాఠాలు రాలేదా అంటారు. వచ్చాయి. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో వేశారు, మూడో తరగతి నుంచి. 2020 మార్చిలో ఒకటో తరగతిలో ఉన్న పిల్లకు ఒకటి చివర్లోనే ఆగింది, రెండు అసలే లేదు. 2021లో నేరుగా మూడులో కూర్చుంది. అక్షరాలు పూర్తిగా రాకుండానే దేశమంతా ఆ పిల్లను పాస్ చేసింది.

మరి జాగ్రత్త అక్కర్లేదా? ఎందుకక్కర్లేదు! జాగ్రత్త అంటే ఏమిటో మాట్లాడదాం. గేటు దగ్గర నుదుటికి గురిపెట్టిన ఆ థర్మల్ స్కానరు గురించి కాదు, చీపురు గురించి. సర్కారు బళ్లలో ఊడ్చి, మరుగుదొడ్లు కడిగే స్కావెంజర్లను తీసేశారు. పంచాయతీ సఫాయి వాళ్లు చూసుకుంటారన్నారు. ఆ సఫాయి మనిషికి ఊరి మురికికాలువ ఉంది, చెత్త ట్రాక్టరు ఉంది, మొక్కలకు నీళ్లు పోసే పని ఉంది. బడికి ఎప్పుడొస్తాడు? మహమ్మారి కాలంలో ప్రపంచమంతా చేతులు కడుక్కోమంటుంటే, మనం బడి కడిగే మనిషిని ఇంటికి పంపాం. ఇంత తెలివైన పొదుపు ఇంకెక్కడైనా జరిగిందా?

అదే చేత్తో విద్యా వాలంటీర్లనూ వదిలేశారు. ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. మంచి పని, కాదనను. కానీ ఏజెన్సీలో ఒక్క పంతులున్న బడిని ఇన్నాళ్లు మోసింది ఈ వాలంటీర్లే కదా? పిల్లల్ని ఎడంగా కూర్చోబెట్టాలంటే గదులు కావాలి, గదికో మనిషి కావాలి. ఐదు తరగతులకు ఒకే పంతులుంటే ఎడమెక్కడిది? డెన్మార్క్‌లో 2020 ఏప్రిల్‌లోనే చిన్నపిల్లల బళ్లు ముందు తెరిచి, వీలైనంతసేపు ఆరుబయటే కూర్చోబెట్టారట. భద్రాద్రి జిల్లాలో చెట్లకేం కరువు? కరువల్లా చెట్టు కింద నిలబడే పంతులుకే. ఇక ఉగాండాలో 2021 నవంబరుకూ బళ్లు పూర్తిగా తెరవలేదు. వాళ్లతో పోటీకి దిగడం మనకు అవసరమా?

పంతుళ్ల మాట వచ్చింది కాబట్టి నా పాత గోడు మళ్లీ వెళ్లబోసుకుంటాను. ఈ శీర్షిక చదివేవాళ్లకు జీవో 3 అంటేనే విసుగొచ్చి ఉంటుంది, క్షమించాలి. ఏజెన్సీ బళ్లలో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో ఇచ్చిన ఆ జీవోను సుప్రీంకోర్టు కొట్టేసింది ఎప్పుడో తెలుసా? 2020 ఏప్రిల్ 22న. లాక్‌డౌన్‌లో, బళ్లన్నీ మూతపడి, ధర్నాకు నలుగురు గుమిగూడటమే నేరమైన రోజుల్లో. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగానికి పడదన్నారు. అయిదుగురు న్యాయమూర్తులు చెప్పిన మాటకు నాలాంటివాడు ఏం ఎదురు చెబుతాడు? నాకు తెలిసింది ఒక్కటే. దాదాపు రెండేళ్లు తెలుగు చెవిన పడని కోయ పిల్ల బడికొచ్చి మూల కూర్చుంటే, ‘దాహమేస్తోందా, జ్వరంగా ఉందా’ అని కోయలో అడిగే మనిషి అక్కడ ఉండాలి. జ్వరం వచ్చిందని పిల్ల తన భాషలో చెప్పుకోగలిగితే, అది వార్డెను చెవికి ఒకరోజు ముందే చేరుతుంది. మిగిలిన వాళ్లకు అంటకుండా ఆపడానికి ఆ ఒక్కరోజే కదా కావలసింది. టీచరు భర్తీ 2017 నోటిఫికేషన్ తర్వాత 2021 దాకా మళ్లీ లేదు. జీవో పోయింది, అప్పటికి దాని చోట ఇంకొకటి రాలేదు. పోడు భూముల దరఖాస్తులంటూ ఆ నవంబరులో గూడేలన్నీ తిరిగిన అధికారులు ఆ సంగతీ ఒకసారి అడిగి రాసుకుని ఉంటే బాగుండేది.

ఆ రోజుల్లోనే కొత్తగూడెంలో భద్రాచలం బస్సెక్కాను. ఒకాయన రేకు పెట్టె కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు, పక్కన తొమ్మిదేళ్ల కూతురు. చర్ల దగ్గర గూడెం. టీవీలో వైరా వార్త చూసి భయపడి, ఇంకెక్కడో చదువుతున్న పిల్లను తీసుకుపోతున్నాడు.

“మళ్లీ ఎప్పుడు తీసుకొస్తావయ్యా?” అన్నాను.

“ఇంటికాడుంటే పత్తికి పోద్ది సారూ. పత్తయినాక మిర్చి. ఒకపాలి కూలి డబ్బులు చూశాక బడికి రమ్మంటే రాదు. పెద్దది అట్నే ఆగిపోయింది.” ఆ సంగతి తెలిసీ తీసుకుపోతున్నాడు.

పాల్వంచ దాటాక ఆయనే అడిగాడు, “మీ పిల్లలది ఏ బడి సారూ?”

మనవడు హైదరాబాదులో చదువుతాడనీ, ఇన్నాళ్లూ ల్యాప్‌టాప్‌లో పాఠాలు విన్నాడనీ చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. నా కాళ్లకు అడ్డంగా ఉందని పెట్టెను తన వైపుకు జరుపుకున్నాడు.